వద్దన్నదీ వాళ్ళే, కనమన్నదీ వాళ్ళే: కుటుంబ నియంత్రణపై గుంటూరు, విజయవాడల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకప్పుడు ఆసుపత్రి గోడ మీద తలకిందుల ఎర్ర త్రికోణం, దాని కింద ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని ఉండేది. ఇప్పుడు అదే రాష్ట్రంలో నాయకులు వేదికలెక్కి ఇంకొకరిని కనండి అంటున్నారు. అప్పటి మాట విని ఆపరేషన్ చేయించుకున్న అత్తగారు, ఇప్పటి మాట వింటున్న కోడలు ఒకే ఇంట్లో ఉన్నారు. కింద ఉన్నవి ఆ ఇళ్ళల్లోంచి వచ్చే ప్రశ్నలే. కొన్ని పాపపుణ్యాలవి, కొన్ని చట్టానివి, కొన్ని మాత్ర మర్చిపోతే ఏం చేయాలన్నవి. ఇవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే వస్తాయి గనుక విడదీయలేదు.

పిల్లలు పుట్టకుండా ఆపుకోవడం పాపమా?

ఎవరి ధర్మం ప్రకారం అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. హిందూ ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను బ్రహ్మహత్యతో సమానంగా లెక్కగట్టాయి. కడుపు రాకుండా చూసుకోవడం మీద అలాంటి నిషేధం పెట్టలేదు. కొడుకు కావాలన్న పట్టు మాత్రం బలమైనది. పున్నామ నరకం, తలకొరివి అన్న మాటలు ఇప్పటికీ కాన్పుల లెక్కను నడిపిస్తున్నాయి.

ఆచారంలో చూస్తే కాన్పు వేళను మన చేతుల్లో పెట్టుకోవడం కొత్తేమీ కాదు. ఆషాఢంలో కొత్త కోడల్ని పుట్టింటికి పంపుతారు. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని పైకి చెప్పినా, పెద్దవాళ్ళ లెక్క ఇంకోటి ఉంది. ఆషాఢంలో నెల తప్పితే కాన్పు చైత్ర వైశాఖాల్లో పడుతుంది. బెజవాడ ఎండల్లో బాలింత పడే పాటు తెలిసినవాళ్ళు పెట్టిన నియమం అది.

గుణదల కొండకు వెళ్ళే కేథలిక్కుల సంగతి వేరు. 1968 జూలైలో ఆరో పోప్ పాల్ జారీ చేసిన లేఖ ప్రకారం మాత్ర, కండోమ్, ఆపరేషన్ అన్నీ తప్పే. గర్భం నిలవని రోజుల్ని గుర్తించి కలవడం ఒక్కటే ఒప్పు. గుంటూరు లూథరన్లకు ఆ బంధనం లేదు. ప్రొటెస్టెంట్లలో ఆంగ్లికన్ బిషప్పులు 1930లోనే లాంబెత్ సమావేశంలో కొన్ని షరతులతో సంతాన నియంత్రణకు దారి ఇచ్చారు.

ముస్లింలలో ‘అజ్ల్’ అనే మాట ఉంది. భర్త ముందే తప్పుకోవడం అని అర్థం. ప్రవక్త కాలంలో అనుచరులు అలా చేసేవారని, వద్దనలేదని హదీసుల్లో ఉంది. దాని ఆధారంగానే ఎక్కువమంది పండితులు భార్యాభర్తలిద్దరికీ ఇష్టమైతే తాత్కాలిక పద్ధతులు వాడొచ్చంటారు. శాశ్వతంగా ఆపడాన్ని, ప్రాణావసరమైతే తప్ప, ఎక్కువమంది ఒప్పుకోరు. కాపర్-టి సరేగానీ ఆపరేషన్ వద్దు అని ఒక ఇల్లాలు అంటే ఆ మాట వెనక ఇంత చరిత్ర ఉంది. అది తెలియని నర్సు ఆమెను ‘చదువులేని మనిషి’ కింద జమకడుతుంది.

గాంధీజీ కృత్రిమ పద్ధతుల్ని ఒప్పుకోలేదు. 1935 డిసెంబరులో వార్ధా వచ్చి వాదించిన అమెరికన్ సంతాన నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్‌కూ ఆయన నిగ్రహమే చెప్పారు. పెరియార్ దీన్ని స్త్రీ స్వేచ్ఛ సంగతిగా చూశారు. 1938లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణకు అనుకూలంగా తీర్మానం తెచ్చింది అంబేడ్కర్ పార్టీయే. కాబట్టి ‘మన సంస్కృతి ఇదే’ అని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే నమ్మకండి.

నారు పోసినవాడు నీరు పోయడా?

పోస్తాడనే అనుకుందాం. నారు ఒత్తుగా పోసినా, నాటు వేసేటప్పుడు ఏ రైతైనా ఎడం వదులుతాడు. ఒక కాన్పయ్యాక మళ్ళీ నెల తప్పడానికి కనీసం 24 నెలలు గడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తల్లి ఒంట్లో రక్తం, ఇనుము తిరిగి పట్టడానికి అంత కాలం కావాలి. ఎడం తక్కువైతే నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టే బిడ్డలు ఎక్కువ.

ఆ రాత్రి తర్వాత వేసుకునే మాత్ర కడుపు తీయించుకోవడంతో సమానమేనా?

కాదు. 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ మాత్ర అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని ఏమీ చేయలేదు. అందుకే ఎంత త్వరగా వేస్తే అంత మంచిది, 72 గంటలు గడువు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతయితే ఇంకో మాత్ర వేసుకోవాలి. నెలనెలా ఇదే పద్ధతిగా వాడితే ముట్టు తారుమారవుతుంది, గర్భం వచ్చే అవకాశమూ రోజువారీ మాత్రకంటే ఎక్కువే.

గర్భం తీసే మందులు వేరు. మొదట మిఫెప్రిస్టోన్, ఒకటి రెండు రోజుల తర్వాత మిసోప్రోస్టాల్. తొమ్మిది వారాల లోపు, డాక్టరు చూశాకే వాడాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఇంట్లో వేసుకుంటే ప్రమాదం రెండు వైపుల నుంచి వస్తుంది. గర్భం ట్యూబులో ఉంటే ఈ మందులు పనిచేయవు, ట్యూబు పగిలి లోపలే రక్తం పోతుంది. సగం మాత్రమే పడిపోతే వారాల తరబడి రక్తస్రావం, చీము. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడుస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

కడుపు తీయించుకోవడం చట్టరీత్యా నేరమా?

1971 చట్టం, దానికి 2021లో వచ్చిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్తను కోల్పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు వంటి వారికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. ఆ పైన బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. 18 నిండిన స్త్రీకి ఆమె ఒక్కరి అంగీకారమే కావాలి. భర్త, అత్తగారు, తండ్రి సంతకాలు చట్టం అడగదు. పెళ్ళి కానివారికీ 24 వారాల నియమం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. పేరు బయటపెట్టిన డాక్టరుకు శిక్ష ఉంది.

ఎంతమందిని కనాలో సర్కారు చెప్పవచ్చా?

సలహా చెప్పొచ్చు. సదుపాయం పెట్టొచ్చు, పెట్టాలి కూడా. చెప్పినట్టు చేయకపోతే నీకిది ఇవ్వను అన్న దగ్గర గీత దాటుతుంది. ఆ గీతను మనం ఎన్నిసార్లు దాటామో చూడండి.

1952లో కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా పెట్టిన మొదటి దేశం మనదే. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఎక్కువ మగవాళ్ళవే. టీచర్లకూ గుమస్తాలకూ ‘కేసుల’ కోటా పెట్టారు, తేకపోతే జీతం ఆగేది. ఆపరేషన్ల వల్ల 1,774 మంది చనిపోయినట్టు ఎమర్జెన్సీ అక్రమాలపై విచారణ జరిపిన షా కమిషన్ నమోదు చేసింది. ఆ దెబ్బకు మగవాళ్ళ ఆపరేషన్ అంటేనే జనం హడలిపోయారు. బరువు మొత్తం ఆడవాళ్ళ మీద పడింది, ఇప్పటికీ దిగలేదు.

రెండో మెట్టు మన సొంతం. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచిగా, వార్డు సభ్యుడిగా పోటీకి అనర్హులంది. 1995 మే నెలాఖరు తర్వాత పుట్టిన మూడో బిడ్డతో అనర్హత మొదలు. హర్యానాలోని ఇలాంటి చట్టాన్నే సుప్రీంకోర్టు 2003లో సమర్థించింది. కానీ గ్రామాల్లో జరిగిందేమిటి? పదవి కోసం మూడో బిడ్డను బంధువులకు దత్తత ఇచ్చేయడం, కడుపు తీయించడం, చివరికి భార్యను వదిలేయడం. మహిళలకు రిజర్వేషన్ వచ్చిన కాలంలోనే, ఎందరిని కనాలో తాను తేల్చుకునే వీలు లేని స్త్రీని ఆ లెక్క చూపి పోటీ నుంచి తప్పించారు. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. తీసేసినందుకు చెప్పిన కారణం స్త్రీకి జరిగిన అన్యాయం కాదు, జనాభా తగ్గిపోతోందన్న బెంగ. అది గమనించాల్సిన సంగతి.

చైనా అలా చేయబట్టే బాగుపడిందంటారు కదా?

1980 నుంచి 2015 చివరిదాకా చైనాలో ఒక్క బిడ్డ విధానం నడిచింది. మామూలుగా 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. అక్కడ అది ఒక దశలో 118 దాటింది. 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతించారు. 2016లో పుట్టేవాళ్ళు కాస్త పెరిగినా అది నిలవలేదు, 2022 నుంచి జనాభా తగ్గుముఖం పట్టింది. ఇనుప చేత్తో మూసిన తలుపు పిలుపుతో తెరుచుకోలేదు.

పోలికకు కేరళను చూడండి. 1979లో చైనాలో స్త్రీకి సగటున 2.8 మంది పిల్లలు, కేరళలో 3.0. 1991కి చైనా 2.0 దగ్గర ఉంటే కేరళ 1.8కి దిగింది. ఆడపిల్లల చదువు, దగ్గర్లో ఆసుపత్రి, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం ఆ పని చేశాయి. కేరళ చేతులూ పూర్తిగా శుభ్రం కాదులెండి. 1971 జూలైలో ఎర్నాకుళంలో పెట్టిన భారీ శిబిరంలో డబ్బు, బియ్యం, బట్టలు ఆశచూపి 60 వేలకు పైగా మగవాళ్ళకు ఆపరేషన్లు చేశారు.

బలవంతంగా పిల్లల్ని కనేలా చేసిన దేశాలూ ఉన్నాయా?

ఉన్నాయి. రుమేనియా కథ మన నాయకులు ఒక్కసారైనా చదవాలి. 1966లో చౌషెస్కూ ప్రభుత్వం 770వ నంబరు డిక్రీతో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. గర్భనిరోధక సాధనాలు దొరక్కుండా పోయాయి. 1967లో కాన్పులు ముందు ఏడాదికి దాదాపు రెట్టింపయ్యాయి. నాలుగైదేళ్ళలో జనం దొంగదారులు వెతుక్కున్నారు, లెక్క మళ్ళీ పడిపోయింది. పిల్లలు లేనివాళ్ళ మీద పన్ను వేశారు, కార్ఖానాల్లో ఆడవాళ్ళకు గర్భ పరీక్షలు పెట్టారు. 1989 డిసెంబరులో ప్రభుత్వం కూలేసరికి నాటు గర్భస్రావాలతో చనిపోయినవాళ్ళు సుమారు 10 వేలమంది, అనాథాశ్రమాలు నిండా పిల్లలు. యూరప్‌లో ప్రసూతి మరణాలు అంతగా ఉన్న దేశం అప్పట్లో ఇంకోటి లేదు.

ఇక ‘ఫలానావాళ్ళు కనకూడదు’ అన్న రకం. జపాన్ 1948 నుంచి 1996 దాకా వికలాంగులకు, మానసిక రోగులకు ఆపరేషన్లు చేసింది. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 దాకా పట్టింది. పెరూలో 1990ల చివర్లో లక్షల్లో ఆపరేషన్లకు గురైనవాళ్ళలో ఎక్కువమంది కొండల్లోని క్వెచువా మాట్లాడే పేద స్త్రీలు. వద్దన్నా, కనమన్నా, మీలాంటివాళ్ళు కనకండన్నా కత్తి ఒకే ఒంటి మీదికి వస్తోంది.

మరి ఆంధ్రలో బలవంతం లేకుండానే సంతానం తగ్గిందిగా?

తగ్గింది. 1992-93లో స్త్రీకి 2.6 ఉన్న సంతాన సగటు 2005-06కు 1.8కి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు 1.7కి వచ్చింది. జనాభా ఉన్నచోటే నిలవడానికి కావాల్సింది 2.1. ఎలా తగ్గిందన్నదే అసలు సంగతి. అదే సర్వేలో 15-49 ఏళ్ళ వివాహితల్లో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. భర్త చేయించుకున్నవి వందకు ఒకటి కూడా లేవు. మాత్రలు, కాపర్-టి, కండోమ్ కలిపినా రెండు శాతం దాటవు. పందొమ్మిదికి పెళ్ళి, ఇరవైకి ఒకరు, ఇరవైరెండుకి ఇంకొకరు, అక్కడితో ఆపరేషన్. మన ఇళ్ళల్లో దీన్ని పేరు పెట్టి కూడా పిలవరు, ‘ఆపరేషన్ అయిపోయింది’ అంటే చాలు, ఏ ఆపరేషనో అని ఎవరూ అడగరు. ఒక్క దారే చూపించి, నువ్వే ఎంచుకున్నావు కదా అనడం ఎంపిక కిందికి ఎంతవరకు వస్తుందో మీరే ఆలోచించండి.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఏమేం జరగాలి?

జరగాల్సింది ఒకటి, బాలింతల వార్డులో సాధారణంగా కనపడేది ఒకటి. పొత్తిళ్ళలో మూడు రోజుల పసిగుడ్డు, చేతికి సెలైన్ గొట్టం, మంచం పక్కన అమ్మ, తలుపు దగ్గర భర్త. ‘ఎలాగూ రెండోది కదా, చేయించేద్దామా?’ అని ఆమెను తప్ప అందర్నీ అడుగుతారు. మందు మత్తులోనో నొప్పుల మధ్యనో తీసుకున్న సంతకం చెల్లదని నిబంధనల్లోనే ఉంది. ఈ మాట ఏడో నెల చెకప్పులోనే మాట్లాడుకుని, కార్డు మీద రాయించుకోవాలి.

అర్హత ఇది: స్త్రీకి 22 నిండి 49 దాటకూడదు, కనీసం ఒక బిడ్డకు ఏడాది నిండాలి. ముందుగా బీపీ, మూత్ర పరీక్ష, హిమోగ్లోబిన్ చూస్తారు. 7 గ్రాములకంటే తక్కువుంటే చేయకూడదు. మన జిల్లాల్లో రక్తహీనత ఇంటింటి సంగతి గనుక ఆ కాగితం మీద అంకె ఎంతుందో మీ కళ్ళతో చూడండి. కాన్పయిన ఏడు రోజుల్లోపు చిన్న కోతతో చేస్తారు. ఆ గడువు దాటితే ఆరు వారాలు ఆగాలి. లాపరోస్కోపీ కాన్పయిన వెంటనే పనికిరాదు, గర్భసంచి ఇంకా పెద్దగా ఉంటుంది.

అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించి, సాక్షి సంతకం తీసుకోవాలి. అందులో నాలుగు మాటలు వెతకండి: ఇది శాశ్వతమని, వేరే పద్ధతులు చెప్పారని, కొద్దిమందిలో విఫలం కావచ్చని, టేబుల్ ఎక్కేదాకా మనసు మార్చుకున్నా వేరే సేవలేవీ ఆగవని. నాలుగోది ఎవరూ చదివి వినిపించరు.

ఆరు గంటల ముందు నుంచి గట్టి ఆహారం వద్దు. అయ్యాక 48 గంటలు విశ్రాంతి, ఏడో రోజున కుట్లు చూపించాలి, పూర్తి పనికి రెండు వారాలు. ఇక్కడే మన దగ్గర తేడా కొడుతుంది. మిరప కోతల రోజుల్లో ఆపరేషన్ చేయించుకుని, ఐదో రోజుకే కూలికి వెళ్ళి మిరప బస్తాలకు (టిక్కీలకు) చెయ్యేస్తారు. కుట్టు విచ్చుకుని చీము పడితే ‘ఆపరేషన్ పడలేదు’ అంటారు. పని తగ్గే నెల చూసుకుని తేదీ పెట్టుకోండి. జ్వరం, పొట్ట ఉబ్బరం, కుట్టు దగ్గర ఎరుపు కనిపిస్తే అదే రోజు చూపించాలి.

శిబిరాల్లో చేయించుకోవచ్చా?

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. 13 మంది చనిపోయారు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదన్న నిబంధన అప్పటికే ఉంది. మూడేళ్ళలో శిబిరాలకు స్వస్తి చెప్పాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆసుపత్రిలో, రోజూ పనిచేసే ఆపరేషన్ థియేటర్‌లో మాత్రమే చేయించుకోండి.

భర్త సంతకం కావాలా? డబ్బిస్తామంటే తీసుకోవచ్చా?

భర్త సంతకం అక్కర్లేదు. ‘ఆయన్ని తీసుకురామ్మా’ అని తిప్పి పంపితే అది ఆసుపత్రి అలవాటే, రూలు కాదు. డబ్బు విషయం అంత తేలిక కాదు. కూలి పోయినందుకు పరిహారం అనుకుంటే న్యాయమే. కరువు ఏడాదిలో ఆ డబ్బు కోసమే వచ్చారంటే న్యాయం తప్పినట్టే. రెండింటికీ రసీదు ఒకటే, అదే చిక్కు.

మగవాళ్ళు చేయించుకుంటే నీరసపడిపోతారా?

పడరు. మగతనం హార్మోన్ రక్తంలోకి వెళ్ళే దారి వేరు, ఇక్కడ కత్తిరించేది శుక్రకణాలు వెళ్ళే సన్నటి గొట్టం మాత్రమే. కోత లేని పద్ధతిలో 10-15 నిమిషాల పని, తిమ్మిరి ఇంజక్షన్ చాలు, కుట్లుండవు. 48 గంటలు విశ్రాంతి, బిగుతైన లోదుస్తు, వారం దాకా సైకిలు, బరువులు వద్దు. పొట్ట తెరిచే ఆడవాళ్ళ ఆపరేషన్‌తో పోలిస్తే ఇది అన్ని విధాలా తేలిక.

విఫలమయ్యేది ఎక్కువగా ఒక్క కారణంతో. గొట్టం కత్తిరించాక కూడా పైన నిలిచిన కణాలు ఉంటాయి. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు సున్నా అని వచ్చాకే మానాలి. ఆ పరీక్షకు వెళ్ళరు. నెల తప్పితే భార్యను అనుమానిస్తారు. ఎన్ని ఇళ్ళల్లో గొడవలు ఈ ఒక్క పరీక్ష చేయించకపోవడం వల్ల వచ్చాయో లెక్కలేదు.

ఆపరేషన్ అయ్యాక కూడా నెల తప్పింది. ఏం చేయాలి?

ఆడవాళ్ళ ఆపరేషన్ 200 మందిలో ఒకరికి మొదటి ఏడాదిలోనే విఫలం కావచ్చు. ముట్టు ఆగిన రెండు వారాల్లోపే ఆసుపత్రికి వెళ్ళండి. మొదట గర్భం ట్యూబులో ఉందేమో చూడాలి, ఆపరేషన్ తర్వాత వచ్చే గర్భాల్లో ఆ ప్రమాదం ఎక్కువ. వద్దనుకుంటే తీయడం ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఉంచుకుంటే అదీ మీ ఇష్టమే. విఫలమైనందుకు ప్రభుత్వ పథకం కింద 60 వేల రూపాయలు వస్తాయి. ఆసుపత్రిలో గానీ, ఇంటికెళ్ళిన ఏడు రోజుల్లో గానీ చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. దరఖాస్తుకు గడువు 90 రోజులు. ఆపరేషన్ సర్టిఫికెట్, అంగీకార పత్రం నకలు లేకపోతే ఫైలు కదలదు. డిశ్చార్జి నాడే అడిగి తీసుకుని ఆధార్ కార్డుతో పాటు దాచండి.

ఆపరేషన్ వద్దు, ఎడం మాత్రం కావాలి. ఏమున్నాయి?

మాలా-ఎన్ పట్టీలో 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్‌వి, 7 ఇనుమువి. ముట్టు మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టి రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. రాత్రి అన్నం తిన్నాక అని పెట్టుకుంటే మరుపు తక్కువ. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆనాటిది వేళకు వేసుకోండి. రెండు అంతకంటే ఎక్కువైతే ఏడు రోజులు కండోమ్ తప్పదు. పాలిచ్చే తల్లికి బిడ్డ ఆరు నెలలు నిండేదాకా వద్దు. బీపీ 140/90 దాటినా, కళ్ళ ముందు మెరుపులతో పార్శ్వనొప్పి వచ్చినా, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా వద్దు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే పనిచేయదు.

ఛాయా మాత్రలో హార్మోన్లు లేవు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన మందు. పాలిచ్చేవాళ్ళూ వాడొచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. జనం తప్పు చేసేది ఈ మార్పు దగ్గరే. క్యాలెండర్ మీద వారం రాసిపెట్టుకోండి. ముట్టు ఆలస్యం కావచ్చు. అండాశయంలో నీటి బుడగలున్నవాళ్ళు డాక్టర్ని అడగాలి.

అంతర ఇంజక్షన్ మూడు నెలలకోసారి. రెండు వారాలు ముందుగా గానీ, నాలుగు వారాలు ఆలస్యంగా గానీ తీసుకోవచ్చు. పొడిచిన చోట రుద్దకూడదు, మందు త్వరగా కరిగిపోతుంది. ముట్టు చుక్కలు చుక్కలుగా కావడం, కొన్ని నెలలకు పూర్తిగా ఆగిపోవడం మామూలే. ఈ సంగతి ముందు చెప్పకపోవడం వల్లే చాలామంది రెండో డోసుకు రారు, చెడురక్తం లోపలే నిలిచిపోయిందని భయపడతారు. మానేశాక గర్భం రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు.

కాపర్-టిలో 380ఏ రకం పదేళ్ళు, 375 రకం ఐదేళ్ళు. కాన్పయిన 48 గంటల్లోపు వేయించుకోవచ్చు. అడగకుండానే వేసేశారన్న ఫిర్యాదు వినపడుతుంటుంది. అలా వేయడం తప్పు, తీయమంటే తీయాల్సిందే. మొదటి మూడు నెలలు ముట్టు ఎక్కువవుతుంది. ఆరు వారాలకు దారం ఉందో లేదో చూపించుకోండి, కాన్పు తర్వాత వేసినవి జారిపోయే అవకాశం ఎక్కువ.

వాళ్ళు ఎక్కువ కంటున్నారు, మనం తగ్గిపోతామా?

దేశం మొత్తం మీద 1992-93లో ముస్లిం స్త్రీల సంతాన సగటు 4.4, హిందూ స్త్రీలది 3.3. 2019-21కి అవి 2.4, 1.9. అంతరం ఏటా కరుగుతోంది. బీహార్ హిందూ స్త్రీ ఆంధ్ర ముస్లిం స్త్రీకంటే ఎక్కువమందిని కంటోంది. లెక్కను నడిపించేది అమ్మాయి చదువు, పెళ్ళి వయసు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రి.

ఎక్కువ కనకపోతే మన ఎంపీ సీట్లు పోతాయంటున్నారు. నిజమా?

బెంగలో నిజముంది. సీట్ల లెక్కను 1976లో 42వ సవరణతో 1971 జనగణన దగ్గర ఆపారు. 84వ సవరణతో ఆ ఆపును 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించారు. జనాభా పెరుగుదల తగ్గించిన రాష్ట్రానికి శిక్ష పడకూడదన్నదే అప్పటి ఆలోచన. అందుకే 15వ ఆర్థిక సంఘం నిధుల పంపకంలో 12.5 శాతం మార్కులు జనాభా అదుపుకు కేటాయించింది. కానీ దీనికి మందు ఢిల్లీలో రాజ్యాంగ సవరణ. గుంటూరులో మూడో కాన్పు కాదు. ఇవాళ పుట్టిన బిడ్డ ఓటేయడానికి 18 ఏళ్ళు పడుతుంది, ఈలోగా పాలు, ఫీజులు, ఉద్యోగం మానేసిన తల్లి జీతం ఎవరు కడతారో కనమన్నవాళ్ళు చెప్పాలి. క్రెష్, ప్రసూతి సెలవు, బిడ్డ పుట్టాక ఉద్యోగం పోదన్న హామీ ఇస్తే అది సలహా. సాధనాల సరఫరా తగ్గిస్తే రుమేనియా దారి.

ఇద్దరూ ఆడపిల్లలే. మూడోది ముందుగా చూపించుకోవచ్చా?

కుదరదు. 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం కడుపులో ఆడో మగో చెప్పిన డాక్టరుకు మూడేళ్ళ దాకా జైలు, అడిగిన కుటుంబ సభ్యులకూ అంతే, పైగా 50 వేల దాకా జరిమానా. గర్భిణిని మాత్రం భర్త, బంధువులు బలవంతపెట్టారనే చట్టం మొదట భావిస్తుంది. చిన్న కుటుంబం కావాలి, అందులో కొడుకూ ఉండాలి అన్న రెండు కోరికలు కలిసినచోటే స్కానింగ్ దందా పుట్టింది. ఇద్దరే చాలని గోడల మీద రాసినవాళ్ళు ఇది ముందే ఊహించాల్సింది.

గర్భసంచి తీయించేస్తే పోలా?

పోదు. పిల్లలు చాలనుకున్నాక ‘ఇంకెందుకు ఆ సంచి’ అని 30 ఏళ్ళకే తీయించేసే అలవాటులో మన రాష్ట్రం దేశంలో ముందు వరసలో ఉంది. అండాశయాలు కూడా తీస్తే ముట్లుడిగే లక్షణాలు వెంటనే వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. తెల్లబట్టకు, నడుం నొప్పికి ఇది వైద్యం కాదు. ఎవరైనా ‘క్యాన్సర్ అవుతుంది’ అని బెదిరిస్తే, గర్భాశయ ముఖద్వార పరీక్ష రిపోర్టు చేతిలో పెట్టమనండి, ఇంకో డాక్టరుకు చూపించండి.

అసలు పిల్లలే వద్దనుకుంటున్నాం. స్వార్థమా?

ఎవరికి చేసిన అన్యాయమో చెప్పగలిగితే స్వార్థం అనొచ్చు. ఒక బిడ్డ అయినా లేనివాళ్ళకు ప్రభుత్వాసుపత్రిలో శాశ్వత ఆపరేషన్ చేయరు. పదేళ్ళ కాపర్-టి మీకు సరిపోతుంది.

ఆపరేషన్ అయింది, తర్వాత బిడ్డ పోయాడు. మళ్ళీ కలపొచ్చా?

కలిపే ఆపరేషన్ ఉంది. ఫలితం గ్యారంటీ కాదు. ట్యూబు ఎంత పొడుగు మిగిలింది, ఎలా కట్టారు, మీ వయసెంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. రింగు వేసి ఉంటే ట్యూబు తక్కువ పాడవుతుంది, అవకాశం కాస్త మెరుగు. ఎక్కువ భాగం కోసి తీసేస్తే కష్టం. వెళ్ళేముందు పాత ఆపరేషన్ కాగితాలు వెతకండి, ఏ పద్ధతిలో చేశారో అందులోనే ఉంటుంది. భర్త వీర్య పరీక్ష ముందు చేయించండి, అక్కడ లోపముంటే మీ పొట్ట మళ్ళీ తెరవడం వృథా. కలిపాక నెల తప్పితే ఐదారు వారాల్లోనే స్కానింగ్ తీయించుకోవాలి, గర్భం ట్యూబులో ఆగే ప్రమాదం ఉంది. 22 ఏళ్ళకు, చిన్నబిడ్డకు ఇంకా నెల నిండకుండానే ఆపరేషన్ చేయించుకోబోయే అమ్మాయికి ఎవరూ చెప్పని సంగతి ఇదే. మీ పక్క మంచం మీద ఉంటే ఆమెకు చెప్పండి.